కాలు పట్టు తప్పినప్పుడు: కండరాల బలహీనతను గుర్తించడం, మళ్లీ సత్తువ తెచ్చుకోవడం

టంగుటూరు దగ్గరి పల్లె నుంచి ఒక ఆమె నా దగ్గరకు వచ్చింది. నలభై ఏళ్లు దాటాయి. "డాక్టరు గారూ, కుడికాలి చెప్పు నాకు తెలియకుండానే జారిపోతోంది. వదులైందేమో అని రెండు జతలు మార్చాను" అంది. నడిచి చూపించమన్నాను. ఎడమ పాదం మామూలుగా పడుతోంది. కుడి మోకాలిని మాత్రం మెట్టు ఎక్కుతున్నట్టు పైకెత్తుతోంది, పాదం వేలాడి టప్పుమని నేలకు కొట్టుకుంటోంది. బల్ల మీద కూర్చోబెట్టి, పాదాన్ని ముఖం వైపు లేపమన్నాను. బొటనవేలు కూడా లేవలేదు.

అప్పటికి మూడు వారాలుగా ఇంట్లో పిక్కకు నూనె రాసి మర్దన చేస్తున్నారు. జబ్బు పిక్కలో లేదు. మోకాలి బయటి పక్కన, కాస్త కిందుగా, వేలితో తడిమితే చిన్న ఎముక బుడిపె తగులుతుంది. పాదాన్ని పైకి లేపే నరం ఆ బుడిపెను చుట్టుకుని, చర్మం కిందనే పోతుంది. గంటల తరబడి గొంతుక్కూర్చుంటే ఆ నరం నలిగిపోతుంది. ఆమె పొగాకు గ్రేడింగుకు పోతుంది, మిగతా రోజుల్లో కలుపు తీతకు. రెండూ గొంతుక్కూర్చుని చేసే పనులే. సాయంత్రం ఎంత మర్దన చేసినా, తెల్లవారి మళ్లీ అదే భంగిమలో ఎనిమిది గంటలు కూర్చుంటే ఆ నరానికి తెరిపి ఎక్కడిది?

నేను కావలిలో ఫిజియోథెరపీ చేస్తాను. ఇటు నెల్లూరు జిల్లా, అటు ప్రకాశం జిల్లా, రెండు వైపుల వారూ వస్తారు. చాలామంది "ఏవైనా వ్యాయామాలు చెప్పండి" అని అడుగుతారు. బలహీనత ఎక్కడ పుట్టిందో, ఎంత ఉందో తెలియకుండా వ్యాయామం చెప్పడం, జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మాత్ర ఇవ్వడం లాంటిదే. కాబట్టి ఆ వరుసలోనే చెబుతాను.

మొదటి మెట్టు: నీరసమా, బలహీనతా?

"ఒంట్లో బలం లేదు" అనే మాట కింద రెండు వేర్వేరు సంగతులుంటాయి. రక్తం తక్కువైనా, నిద్ర లేకపోయినా, థైరాయిడ్ తగ్గినా, మనసు కుంగినా నీరసం వస్తుంది. నీరసం ఉన్న మనిషికి పని మీదికి ఒళ్లు వంగదు గానీ, పట్టుబట్టి లేస్తే లేవగలడు, బిందె ఎత్తగలడు. కండరాల బలహీనత అలా కాదు. ఎంత పట్టుదల ఉన్నా ఆ పని జరగదు. మెట్టు ఎక్కబోతే తొడ పట్టు తప్పుతుంది, జుట్టు ముడి వేసుకోబోతే చేయి సగంలో పడిపోతుంది, కింద కూర్చుంటే లేవడానికి చేతులు ఆనించాల్సి వస్తుంది.

మూడోది కూడా ఉంది, నొప్పి. మోకాలు అరిగిన వాళ్లలో నొప్పికి భయపడి తొడ కండరం పని మానేస్తుంది, కొద్ది నెలల్లో సన్నబడుతుంది. వీళ్లకు నొప్పి, బలహీనత రెండింటికీ ఒకేసారి వైద్యం జరగాలి.

అందుకే "బలం లేదు" అన్న వాళ్లను నేను మొదట అడిగేది ఒక్కటే: "ఏ పని చేయలేకపోతున్నారు?" జవాబులో ఫలానా పని అంటూ ఉంటే అది కండరాల సంగతి. "అన్నీ" అంటే ముందు రక్త పరీక్షకు పంపుతాను.

రెండో మెట్టు: ఇంట్లో ఆగకూడని లక్షణాలు

ఇక్కడ ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది. మూతి ఒక పక్కకు పోయినా, ఒక వైపు కాలూ చేయీ ఉన్నట్టుండి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా అది పక్షవాతమే అనుకోవాలి. మెదడు రక్తనాళంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపే పనిచేస్తుంది. పావురం రక్తం రాయించడానికో, ఆకు పసరుకో తిరిగితే ఆ గంటలు అయిపోతాయి. 108కి ఫోన్ చేయండి. మనిషి చివరిసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకో గుర్తు పెట్టుకోండి, ఆసుపత్రిలో ముందుగా అడిగేది అదే.

కాళ్లలో మొదలైన బలహీనత రెండు మూడు రోజుల్లో తొడలకు, చేతులకు పాకుతూ ఉంటే, ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంటే వెంటనే పెద్ద ఆసుపత్రికి చేరాలి. రాత్రి బాగానే పడుకున్న యువకుడు తెల్లవారి కాళ్లు కదపలేకపోతే రక్తంలో పొటాషియం పడిపోయి ఉండవచ్చు. గంటల్లో సరిచేయగల జబ్బే, కానీ గుండె మీదికి రాగలదు. రెప్పలు వాలిపోతూ గొంతు మింగుడు పడకపోతే పాము కాటు కూడా అనుమానించాలి. కట్లపాము కాటు గుర్తు కనిపించకపోవచ్చు, నేల మీద పడుకున్నవారిని నిద్రలోనే కరిచి పోతుంది.

పురుగుమందు గురించి ఒక మాట. మందు చల్లేటప్పుడు పీల్చినవారు గానీ, తాగి బతికినవారు గానీ మొదటి రోజు కోలుకున్నట్టు కనిపించి, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ లేపలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం జరగవచ్చు. కొందరికి రెండు మూడు వారాల తరువాత పాదాలు పడిపోతాయి. ఇంటికి తెచ్చుకున్నాం కదా అని నిశ్చింతగా ఉండవద్దు.

నడుము నొప్పితో పాటు రెండు కాళ్లూ బలం తప్పి, మూత్రం బిగబట్టినట్టు అయినా, తెలియకుండా పోతున్నా, అదీ అత్యవసరమే.

మూడో మెట్టు: గండి ఎక్కడ పడింది?

సోమశిల జలాశయంలో నీళ్లున్నా కావలి కాలువ చివరి భూములు ఎండిపోవచ్చు. తూము దగ్గర ఆగిందా, దారిలో గండి పడిందా, పంట కాలువ పూడిందా అని రైతు కాలువ వెంట నడిచి చూసుకుంటాడు. కండరానికీ అంతే. "కదులు" అనే ఆజ్ఞ మెదడులో పుట్టి, వెన్నుపాములో దిగి, నరం గుండా పోయి, నరం కండరాన్ని కలిసే చోటు దాటి, చివరికి కండరాన్ని కదిలిస్తుంది. ఈ దారిలో ఎక్కడ తెగినా కాలు లేవదు, కానీ ఒక్కో చోట తెగితే ఒక్కో తీరుగా కనిపిస్తుంది.

మెదడు, వెన్నుపాము దెబ్బతింటే బలహీనతతో పాటు కాలక్రమంలో బిగుతు వస్తుంది. కాలు కర్రలా చాచుకుపోతుంది, చేయి ముడుచుకుంటుంది. నరం దెబ్బతింటే కండరం మెత్తబడి, వడిలి, సన్నబడుతుంది, తోడుగా తిమ్మిరి ఉంటుంది. మధుమేహంలో రెండు పాదాల నుంచి మొదలై పైకి వచ్చే తిమ్మిరి ఈ కోవదే. నరం కండరాన్ని కలిసే చోట లోపముంటే పొద్దున బాగుండి సాయంత్రానికి రెప్పలు, గొంతు, చేతులు సోలిపోతాయి. కండరంలోనే జబ్బు ఉంటే సాధారణంగా తిమ్మిరి ఉండదు, తుంటి, భుజాల దగ్గరి పెద్ద కండరాలు ముందు తగ్గుతాయి. థైరాయిడ్ తేడాలు, విటమిన్ డి లోపం, ఎక్కువ కాలం వాడిన స్టిరాయిడ్లు, కొందరిలో కొలెస్టరాల్ మాత్రలు ఇలా చేస్తాయి. ఊపిరాడని జబ్బుకో, కీళ్ల నొప్పులకో పేరు తెలియని పొడులు నెలల తరబడి మింగినవారిని చూస్తే నాకు ముందు స్టిరాయిడ్ అనుమానమే వస్తుంది. అలాగని స్టిరాయిడ్‌ను సొంతంగా ఒక్కసారిగా ఆపవద్దు, అదీ ప్రమాదమే. డాక్టరే మెల్లగా తగ్గించాలి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన కారణం ఒకటుంది, దాని దగ్గర కాస్త ఆగుతాను. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బు మన దేశంలో వైద్య పత్రికలకెక్కింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడక ముందు పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలన్నీ నెల్లూరు జిల్లాలోనివే. ఈ జబ్బు పళ్ల మీద గారతో ఆగదు. వెన్నెముక కట్టె అయిపోతుంది, మెడ తిరగదు, వెనుక ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తంగా తిరగాలి. ఎముక లోపలికి పెరిగి వెన్నుపామును నొక్కితే కాళ్లు బిగుసుకుని బలం తప్పుతాయి. "వయసు మీద పడింది" అని అందరూ సరిపెట్టుకుంటారు. ఆ పల్లెల నుంచి వచ్చినవారు కాళ్లు తడబడుతున్నాయంటే నేను వ్యాయామం మొదలుపెట్టను. ముందు న్యూరాలజిస్టు దగ్గరకు పంపి వెన్నెముక స్కానింగు చేయించమంటాను. బిగిసిన మెడను, నడుమును విరిచి సాగదీయడం అన్నిటికంటే ప్రమాదం. "మెటికలు విరిస్తే సర్దుకుంటుంది" అనే వారి చేతికి ఆ మెడ ఇవ్వకండి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి, వేరే నీరు దొరకని చోట ఒకటిన్నర వరకే అనుమతి. బోరు నీళ్లు తాగుతుంటే పరీక్ష చేయించండి. ఆ నీళ్లు మారకుండా వ్యాయామం ఒక్కటే నిలబెట్టలేదు.

ఇక అన్నిటికంటే ఎక్కువగా నేను చూసే కారణం: మంచం. జ్వరం వచ్చిందనో, ఆపరేషన్ అయిందనో, "పెద్దవారు, పడుకోనివ్వండి" అనో వారాల తరబడి పడుకోబెడతారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవయసు వారు కూడా పది రోజులు మంచానికే పరిమితమైతే కాళ్ల నుంచే దాదాపు ఒక కిలో కండ పోగొట్టుకుంటారు. మా నాన్న తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినప్పుడు మర్నాడే నిలబెట్టమన్నారు. బంధువులు భయపెట్టారు, నేనూ భయపడ్డాను. నలుగురికి చెప్పే పని నాదే అయినా మూడు వారాలు ఆయన్ను పడుకోబెట్టాను. నాలుగో వారం కూర్చోబెడితే తొడలు నా మణికట్టంత సన్నగా కనిపించాయి. ఆ మూడు వారాలు పూడ్చుకోవడానికి మాకు నాలుగు నెలలు పట్టింది.

నాలుగో మెట్టు: ఎంత బలం మిగిలిందో కొలవడం

కండరం బలాన్ని మేము సున్నా నుంచి ఐదు వరకు లెక్కిస్తాం. సున్నా అంటే చలనమే లేదు. ఒకటి అంటే వేలు పెట్టి చూస్తే కండరం అదిరినట్టు తెలుస్తుంది, కీలు మాత్రం కదలదు. రెండు అంటే బరువు మోయాల్సిన పని లేకుండా, పరుపు మీద జరిపినట్టు కదిలించగలరు. మూడు అంటే కాలి బరువును అదే పైకి ఎత్తగలదు, కానీ చిన్న ఒత్తిడి పెడితే పడిపోతుంది. నాలుగు అంటే కొంత ఒత్తిడిని తట్టుకుంటుంది. ఐదు మామూలు బలం.

ఇంట్లో తొడను చూడాలంటే ఎత్తైన బల్ల మీద కాళ్లు వేలాడేలా కూర్చోబెట్టి మోకాలు పూర్తిగా చాచమనండి. చాచితే మూడు. చాచిన కాలిని చీలమండ పైన మీ అరచేతితో కిందికి నొక్కండి, ఆపగలిగితే నాలుగో ఐదో. చాచలేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టి, పైకాలిని మీ చేతుల మీద ఆనించి చాచమనండి, అప్పుడు కదిలితే రెండు. రెండో కాలితో పోల్చి చూడండి.

లేచి తిరుగుతున్నవారికి ఇంకో పరీక్ష. ఒకటిన్నర అడుగు ఎత్తున్న, చేతులు లేని కుర్చీని గోడకు ఆనించండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోవాలి. ఆసియా దేశాల వైద్యులు పెట్టుకున్న లెక్క ప్రకారం 12 సెకన్లు, అంతకు మించి పడితే ఒంటి శక్తి తగ్గినట్టే. ఇంటి గోడకు వేలాడే క్యాలెండరులో ఆ తేదీ గడిలోనే సెకన్లు రాయండి. పదిహేను రోజులకొకసారి మళ్లీ రాయండి. "ఏమీ తేడా లేదు" అని దిగులుపడే రోజున ఆ అంకెలు చూపించడానికి పనికొస్తాయి.

ఐదో మెట్టు: ఉన్న బలానికి తగిన వ్యాయామం

బలం సున్నా, ఒకటి దగ్గర ఉంటే పని మీది. రోజుకు రెండుసార్లు ప్రతి కీలును మెల్లగా, నొప్పి రానంత మేరకు పదేసి సార్లు కదిలించండి. కదిలిస్తున్నంత సేపూ రోగి కూడా మనసులో ఆ కాలును లేపే ప్రయత్నం చేయాలి. "నేను లేపుతున్నాను, మీరూ లేపండి" అని చెబుతూ చేయండి. ఉత్తినే ఎవరో ఊపుతుంటే పైకప్పు చూస్తూ పడుకున్నవారికి అందులో సగం ఫలితమూ రాదు. పాదం కిందికి వాలిపోకుండా మంచం కాలి వైపు దిండు నిలబెట్టి ఆనించండి. రెండు గంటలకొకసారి పక్క మార్చండి, లేకపోతే నడుము కింద పుండ్లు పడతాయి. ఈ దశలో కరెంటుతో కండరాన్ని కదిలించే పరికరం ఫిజియోథెరపిస్టు చేతిలో ఉపయోగపడుతుంది. సొంతంగా కొనవద్దు.

రెండు దగ్గర ఉంటే బరువు తీసేసి కదలనివ్వాలి. నున్నటి చెక్క మీద పౌడరు చల్లి మడమను ముందుకూ వెనక్కూ జారనివ్వండి. మా కేంద్రంలో తాళ్లతో కాలిని వేలాడదీసి కదిలిస్తాం, ఇంట్లో దూలానికి పాత చీరతో ఉయ్యాల కట్టి అందులో కాలు ఉంచితే అదే పని జరుగుతుంది. చీర గట్టిదో కాదో ముందు మీరు లాగి చూడండి. కాలు తేలిగ్గా అటూ ఇటూ ఊగుతుంటే, ఇన్నాళ్లూ కదలని కాలు కదలడం చూసి పెద్దవాళ్ల కళ్లు చెమ్మగిల్లడం చాలాసార్లు చూశాను.

మూడుకు వచ్చాక అసలు పని మొదలవుతుంది. వెల్లకిలా పడుకుని మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని, దాన్ని మోకాలితో కిందికి నొక్కి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. తరువాత ఒక కాలు మడిచి, రెండో కాలును చాచి అడుగు ఎత్తున లేపాలి. తరువాత రెండు మోకాళ్లు మడిచి పిరుదులను పైకి లేపాలి. నడుముకూ తుంటికీ ఇది చాలా మంచిది, మంచంలో ఉన్నవారికి బట్టలు మార్చడం కూడా తేలికవుతుంది.

నాలుగుకు చేరితే బరువులు. జిమ్ములు అవసరం లేదు. కిలో ఉప్పు ప్యాకెట్టునో, అర కిలో ఇసుక సంచినో తువ్వాలులో చుట్టి చీలమండకు కట్టండి. అర లీటరు నీళ్ల సీసా చేతికి అర కిలో బరువు. గోడను రెండు చేతులతో తోయడం, వంటగట్టు పట్టుకుని మడమలు లేపడం, కాలు పక్కకు ఎత్తడం, అన్నీ ఇంట్లోనే అవుతాయి.

ఒక్క వ్యాయామమే చెప్పమంటే నేను కుర్చీలోంచి లేచి కూర్చోవడం చెబుతాను. నులక మంచం, నవారు మంచం కుంగిపోతాయి, వాటి మీద ఇది కుదరదు, గట్టి కుర్చీ కావాలి. ముందుకు జరిగి కూర్చోండి. పాదాలను మోకాళ్ల కంటే కాస్త వెనక్కి లాగండి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి, అప్పుడు లేవండి. చాలామంది నిటారుగా కూర్చుని లేవబోయి వెనక్కి పడతారు. వంగితేనే బరువు పాదాల మీదికి వస్తుంది. కూర్చునేటప్పుడు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ దిగండి, దబ్బున పడకూడదు. దిగేటప్పుడు కండరం చేసే పని లేచేటప్పటి పనికి ఏమాత్రం తీసిపోదు.

మా నాన్న మామూలు కుర్చీలోంచి లేవలేకపోయారు. నాలుగు దుప్పట్లు మడిచి కుర్చీ మీద వేశాను. ఆ ఎత్తు నుంచి లేవగలిగారు. రోజుకు మూడు పూటలా ఎనిమిదేసి సార్లు. వారం తరువాత ఒక దుప్పటి తీశాను, ఆయన గమనించి "ఒకటి తగ్గించావే" అన్నారు. రెండో దుప్పటికి రెండు వారాలు పట్టింది. మూడోదాన్ని ఆయనే తీసి మంచం మీదికి విసిరారు.

ఆరో మెట్టు: ఎన్నిసార్లు, ఎంత బరువు

ఎనిమిది నుంచి పన్నెండు సార్లు చేస్తే చివరి రెండూ కష్టంగా అనిపించాలి. అదే సరైన బరువు. ఇరవై సార్లు సునాయాసంగా అయితే ఆ బరువు చాలదు. అలా రెండు విడతలు, మధ్యలో ఒకటి రెండు నిమిషాల విశ్రాంతి. బరువుతో చేసేవి వారానికి రెండు మూడు రోజులు, రోజు విడిచి రోజు చాలు. తేలిక కదలికలు, నడక రోజూ చేయవచ్చు. వరుసగా రెండుసార్లు పన్నెండూ తేలిగ్గా వస్తే బరువు కొద్దిగా పెంచండి. ఊపిరి బిగబట్టవద్దు, పైకి లెక్కపెడుతూ చేస్తే ఊపిరి దానంతటదే ఆడుతుంది. రక్తపోటు ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం.

మొదటి నాలుగైదు వారాల్లో బలం పెరుగుతుంది గానీ కండ కనిపించదు. నరాలు ఉన్న కండనే బాగా వాడుకోవడం నేర్చుకుంటాయి. కండ కంటికి ఆనడం రెండో నెల దాటాకే. చాలామంది సరిగ్గా ఈ మధ్యకాలంలో మానేస్తారు, నాకు బాధ కలిగించేది అదే.

మర్నాడు కాస్త ఒళ్లు నొప్పులుంటే ఫరవాలేదు. రెండు రోజులు దాటినా నొప్పి తగ్గకపోతే, కీలు వాస్తే, చేసిన తరువాత బలం ఇంకా తగ్గినట్టుంటే మోతాదు ఎక్కువైంది, సగానికి తగ్గించండి. మూత్రం టీ డికాషన్ రంగులోకి మారితే కండరం కరుగుతోందని అర్థం, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, జ్వరం ఉంటే ఆ రోజు ఆపేయండి. రోహిణి కార్తెలో ఒంగోలులో, నెల్లూరులో పగలు వ్యాయామం మాట తలపెట్టవద్దు. తెల్లవారుజామున ముగించుకోండి.

ఏడో మెట్టు: జబ్బును బట్టి మారే సంగతులు

పక్షవాతం వచ్చినవారిని లేపేటప్పుడు బలహీనమైన చేయి పట్టుకుని లాగకండి. భుజం కీలు వదులై ఉంటుంది, జారిపోతుంది, ఆ నొప్పి సంవత్సరాలు వేధిస్తుంది. బెల్టు గానీ పంచె గానీ నడుముకు కట్టి దాన్ని పట్టుకోండి. చేయి ముడుచుకుపోతున్నవారికి బంతి పిసకమని అందరూ చెబుతారు. ముడుచుకునే కండరం అప్పటికే బిగుసుకుని ఉంది, తెరవాల్సిన కండరానికి పని కావాలి. వేళ్లు తెరిచి చెంబు అందుకోవడం, వదలడం, అన్నం ముద్ద కలపడం, చొక్కా గుండీ పెట్టుకోవడం, ఇలా నిజమైన పనుల సాధన రోజూ ఎక్కువసార్లు జరగాలి. మొదటి మూడు నెలల్లో మార్పు వేగంగా వస్తుంది. ఆ తరువాత మెల్లగా వస్తుంది, కానీ ఆగిపోదు.

మధుమేహంతో పాదాలు మొద్దుబారినవారికి వేడినీళ్ల కాపడం, వేడి నూనె వద్దు. కాలినా వారికి తెలియదు. వ్యాయామానికి ముందూ తరువాతా పాదాల అడుగు చూసుకోవాలి.

మూడు నాలుగేళ్ల మగపిల్లవాడు తరచూ పడిపోతూ, కింద నుంచి లేచేటప్పుడు చేతులతో సొంత తొడలనే పట్టుకుని పాకుతున్నట్టు లేస్తే, పిక్కలు లావుగా కనిపిస్తే, "బొద్దుగా ఉన్నాడు" అనుకోకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. కండరాల క్షీణత వ్యాధి కావచ్చు. సి.పి.కె. అనే రక్త పరీక్షతో అనుమానం తేలుతుంది. ఈ పిల్లలకు బరువులు కట్టకూడదు, అలిసిపోయేదాకా ఆడించకూడదు. పిక్కలను రోజూ మెల్లగా సాగదీయడం, రాత్రి పాదానికి చట్రం, ఊపిరి వ్యాయామాలు వారి నడకను ఎక్కువ కాలం నిలుపుతాయి. చిన్నతనంలో పోలియో వచ్చి, ఇప్పుడు యాభై దాటి కొత్తగా బలం తగ్గుతున్నవారికీ ఇదే జాగ్రత్త. మన దేశంలో సహజ వైరస్ వల్ల వచ్చిన చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది, కానీ అంతకు ముందు తరాల వారు మన మధ్యే ఉన్నారు, ఎక్కువ శ్రమ వారి కండరాలను ఇంకా అలిసిపోయేలా చేస్తుంది.

తిండి, ఇల్లు, కాగితాలు

కండరం పెరగాలంటే మాంసకృత్తులు కావాలి. పెద్దవయసు వారికి శరీర బరువులో కిలోకు ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల దాకా. అరవై కిలోల మనిషికి అరవై గ్రాములకు పైమాటే. రెండు గుడ్లలో 12, అర లీటరు పాలలో 16, యాభై గ్రాముల కందిపప్పులో 11, వంద గ్రాముల చేపలోనో రొయ్యలోనో 18 నుంచి 20. చేపల పులుసులో పులుసు మాత్రమే అన్నంలో కలిపి, ముక్క పిల్లలకు ఇచ్చేసే పెద్దవాళ్లకు ఆ ముక్కే వడ్డించండి. మూత్రపిండాల జబ్బు ఉంటే డాక్టరు చెప్పినంతే.

చేతికర్ర ఎత్తు మణికట్టు మడత దగ్గరికి రావాలి. బలహీనమైన కాలికి ఎదుటి వైపు చేతిలో పట్టుకోవాలి. దాదాపు అందరూ తప్పు చేతిలోనే పట్టుకుంటారు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు. స్నానాల గదిలో, మరుగుదొడ్డిలో గోడకు పట్టుకునే కమ్మీ వేయించండి.

బలహీనత శాశ్వతంగా ఉండిపోయేలా ఉంటే ప్రభుత్వ డాక్టర్లు వైకల్యాన్ని అంచనా వేసే సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రం తీసుకోండి, నలభై శాతం, ఆపైన ఉన్నవారికి పథకాలు వర్తిస్తాయి. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవారికి 15,000.

ఎన్నాళ్లు పడుతుంది?

నరం నలిగినా తెగకుండా ఉంటే వారాల నుంచి రెండు మూడు నెలల్లో కోలుకుంటుంది. లోపలి తీగలు తెగి మళ్లీ పెరగాల్సి వస్తే రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున, అంటే నెలకు ఒక అంగుళం లెక్కన పెరుగుతుంది. అది కండరాన్ని చేరేదాకా కీళ్లు బిగుసుకోకుండా కాపాడుకోవడమే మన పని.

టంగుటూరు ఆమెకు నరం తెగలేదు. పాదం వేలాడకుండా ప్లాస్టిక్ చట్రం ఇచ్చాం, మొదట పాదాన్ని నేల మీద పక్కలకు జరపడం, తరువాత కూర్చుని వేళ్లు లేపడం, ఆపైన రబ్బరు బ్యాండుతో లాగడం చేయించాం. అన్నిటికంటే ముందు గొంతుక్కూర్చోవడం మాన్పించాం. "కూర్చోకుండా గ్రేడింగు ఎట్లా చేయాలి?" అని అడిగింది. అడుగు ఎత్తు పీట వేసుకుని, కాళ్లు ముందుకు చాచి, అరగంటకొకసారి లేచి పది అడుగులు నడవమన్నాను. మేస్త్రీ మొదట గొణిగాడట. ఐదో వారం బొటనవేలు లేచింది. పదో వారం చట్రం లేకుండా వచ్చింది, గది బయట నుంచే ఆమె నడక విన్నాను, రెండు చెప్పుల చప్పుడూ ఒకేలా ఉంది. ఆ కొట్టంలో ఇప్పుడు మరో నలుగురు పీటలు తెచ్చుకున్నారని చెప్పింది.